పడమటి ఎండకు అద్దం అడ్డు కాదు

మే నెలలో సాయంత్రం నాలుగింటికి హన్మకొండలో పడమటి ముఖం ఉన్న షోరూమ్‌లలోకి వెళ్తే చాలాచోట్ల ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఎలివేషన్, అంటే భవనం ముందు రూపు, బాగుండాలని కింది నుంచి పై దాకా అద్దం బిగించి ఉంటుంది. ఆ అద్దానికి లోపలి వైపు పరదాలన్నీ దించి ఉంటాయి. పరదాలు దించినందుకు లోపల చీకటి పడుతుంది, ఆ చీకటి పోవడానికి పట్టపగలు లైట్లన్నీ వేస్తారు. ఏసీ పద్దెనిమిది మీద నడుస్తుంటుంది. అయినా అద్దం పక్కన కౌంటర్‌లో కూర్చున్న మనిషి ఓ టేబుల్ ఫ్యాన్ తన వైపు తిప్పుకొని ఉంటాడు. ఆ పరదా మీద చెయ్యి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసిన బట్ట ముట్టుకున్నట్టు ఉంటుంది.

ఆ పరదాను పట్టుకుని చూస్తే సమస్య అంతా అర్థమవుతుంది. అది ఎండను ఆపింది, నిజమే. కానీ ఎక్కడ ఆపింది? గది లోపల. అప్పటికే వేడి అద్దం దాటి వచ్చేసింది.

ఆ వేడి ఎంతో లెక్క వేయడం కష్టం కాదు. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మూడో వారంలో నాలుగు గంటల ప్రాంతంలో సూర్యుడు దాదాపు 34 డిగ్రీల ఎత్తులో, పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు. అంటే పడమటి గోడకు ఇంచుమించు ఎదురుగా. మబ్బు లేని రోజున ఆ గోడ మీద ఒక్కో చదరపు మీటరుకు 600 వాట్ల దాకా ఎండ పడుతుంది. మామూలు తెల్ల అద్దం అందులో సుమారు 80 శాతం లోపలికి వదిలేస్తుంది. పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న అద్దం తీసుకుంటే, దాని గుండా వచ్చే వేడి నాలుగున్నర కిలోవాట్లకు దగ్గరగా ఉంటుంది. ఏసీలో ఒక టన్ను అంటే గదిలోంచి మూడున్నర కిలోవాట్ల వేడిని తోడిపోసే శక్తి. ఈ లెక్కన మనుషుల వేడి, లైట్ల వేడి, తలుపు తీసినప్పుడల్లా దూరే వడగాలి ఇవేవీ కలపకుండానే, వంద చదరపు అడుగుల పడమటి అద్దం ఒక్కటే ఒకటింపావు టన్ను ఏసీని తినేస్తోంది.

ఇందులో అద్దం గుణం కొంత ఉంది. ఎండ వెలుగు రూపంలో అద్దాన్ని తేలిగ్గా దాటుతుంది. లోపల పరదానో, టైల్సునో, చీరల కట్టలనో తాకి వేడిగా మారుతుంది. ఆ వేడి మళ్లీ కిరణాలుగా బయటికి పోదామంటే అద్దం దాన్ని దాటనివ్వదు. తెల్లటి పరదా అయితే వచ్చిన వెలుగులో కొంత వెనక్కి కొడుతుంది, అంతవరకు మేలే. ముదురు రంగు పరదా అయితే మొత్తం పీల్చుకుని గదికి పంచుతుంది. అదే తెరను అద్దానికి బయట, జానెడు దూరంలో కడితే కథ మారుతుంది. అదీ వేడెక్కుతుంది, కానీ ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని బయటి గాలే ఎత్తుకుపోతుంది.

ఈ సంగతి మన ఊళ్లకు కొత్త కాదు. వేసవిలో చలివేంద్రం పెట్టేటప్పుడు ముందు తాటాకు పందిరి వేసి, దాని కింద కుండలు పెడతారు. వట్టివేళ్ల తడికలు ఉన్న ఇళ్లలో వాటిని కిటికీకి బయటే కట్టి నీళ్లు చల్లేవారు, గది లోపల కాదు. పాత బజారు మడిగెలకు ముందు వసారానో, రేకుల చూరో ఉండేది. పాలంపేట రామప్ప గుడి దగ్గర నిలబడి చూస్తే, మదనికలు, అంటే నాట్య భంగిమల స్త్రీ శిల్పాలు, ఆనుకున్న పై చూరు గోడ దాటి ఎంత ముందుకు వచ్చిందో తెలుస్తుంది. 1213 నాటి కట్టడం అది. ఆ చూరు కింద మధ్యాహ్నం నీడ ఉంటుంది, వానకు రాయి తడవడం తగ్గుతుంది. శిల్పానికి అది అడ్డం రాలేదు. సజ్జ పెడితే ఎలివేషన్ చెడిపోతుందని ఇవాళ వినిపించే మాటకు ఇంతకన్నా మంచి జవాబు ఈ ప్రాంతంలో దొరకదు.

అయితే సజ్జ అన్ని గోడలకూ ఒకేలా పనిచేయదు. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి, అందుకే కాస్త వివరంగా చూడాలి.

దక్షిణం గోడ మహా సులువు. మార్చి 21న, సెప్టెంబరు 23న వరంగల్‌లో మధ్యాహ్నం సూర్యుడు 72 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ రోజుల్లో ఐదడుగుల కిటికీ మొత్తం నీడలో ఉండాలంటే అడుగున్నర కన్నా కొంచెం ఎక్కువ సజ్జ సరిపోతుంది. రెండడుగులుంటే నిశ్చింత. సజ్జను కిటికీకి అటూ ఇటూ కొంత పొడిగిస్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ నీడ తప్పదు. ఆ రెండు తేదీల మధ్య వేసవి అంతా సూర్యుడు ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా నడినెత్తిని దాటి ఉత్తరం వైపే ఉంటాడు కనుక, మధ్యాహ్నం వేళ దక్షిణం గోడకు ఎండ సమస్యే లేదు. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీలకు దిగుతాడు, అప్పుడు అదే సజ్జ కింద నుంచి ఎండ లోపలికి వస్తుంది. చలికాలపు ఎండ కాబట్టి దానితో అంత పేచీ లేదు.

పడమర సంగతి పూర్తిగా వేరు. నాలుగింటికి 34 డిగ్రీల ఎత్తున్న సూర్యుణ్ని సజ్జతోనే ఆపాలంటే, ఐదడుగుల కిటికీకి ఏడడుగులకు పైగా సజ్జ కావాలి. ఐదింటికి సూర్యుడు 20 డిగ్రీలకు దిగితే ఇంకెంత కావాలో ఊహించుకోవచ్చు. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు తప్పనిసరిగా వదలాల్సిన ఖాళీ స్థలంలోకి 60 సెంటీమీటర్ల సజ్జను మాత్రమే అనుమతిస్తాయి. దక్షిణానికి ఆ రెండడుగులు చక్కగా చాలతాయి, పడమరకు ఏ మూలకూ రావు. నాలుగు వైపులా ఒకే కొలత సజ్జ పోసి, నీడ ఏర్పాటు అయిపోయిందనుకునే భవనాల్లో పడమటి గదులు ఎందుకు కాగుతున్నాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

తూర్పుకూ ఇదే లెక్క. కాకపోతే పొద్దుటి పూట గాలి ఇంకా వేడెక్కదు, చాలా దుకాణాలు తెరిచేసరికి పది దాటుతుంది. దవాఖానలకు, బడులకు, ఎనిమిదింటికే మొదలయ్యే కోచింగ్ సెంటర్లకు మాత్రం తూర్పు ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. ఉత్తరాన్ని పూర్తిగా మరచిపోవడమూ సరికాదు. జూన్‌లో పొద్దున, సాయంత్రం ఎండ ఉత్తరపు గోడను ఏటవాలుగా గీరుతూ పోతుంది. కిటికీకి పక్కన నిలువుగా ఒక చిన్న రెక్క ఉంటే అది ఆగిపోతుంది.

పడమరకు మరి ఏం చేయాలి? ఈ మధ్య కొత్త కాంప్లెక్సుల ముందు అల్యూమినియం నిలువు పలకలు, గోడకు లంబంగా వరుసగా నిలబెట్టినవి, చాలా కనిపిస్తున్నాయి. చూడ్డానికి బాగుంటాయి, ఎండను ఆపుతాయన్న పేరు కూడా ఉంది. కానీ మే, జూన్ సాయంత్రాల్లో సూర్యుడు పడమరకు 12 నుంచి 17 డిగ్రీలు మాత్రమే ఉత్తరంగా ఉంటాడని గుర్తుంచుకుంటే వాటి లోపం బయటపడుతుంది. ఎండ ఆ పలకల మధ్య సందుల్లోంచి తిన్నగా లోపలికి వస్తుంది. పలకలు ఆపేది వాటి మందం మేరకు, ఆ కాస్త కోణం మేరకు మాత్రమే. అవే పలకలు డిసెంబరులో, సూర్యుడు నైరుతి వైపు 33 డిగ్రీలు వాలినప్పుడు, బాగా నీడ ఇస్తాయి. అప్పుడు ఆ నీడ అవసరం ఎవరికీ లేదు. నిలువు పలకలు పెట్టాలనుకుంటే వాటిని గోడకు లంబంగా కాకుండా, బయటి అంచు నైరుతి వైపు తిరిగేలా ఏటవాలుగా బిగించాలి. అప్పుడు వేసవి ఎండకు అవి అడ్డం తిరుగుతాయి.

ఇంతకన్నా నమ్మదగినవి అడ్డం లూవర్లు, అంటే ఒకదాని కింద ఒకటి అడ్డంగా బిగించిన పలకలు. ఒకే పెద్ద సజ్జ చేయలేని పనిని చిన్న చిన్న సజ్జలుగా ముక్కలు చేసి, మెట్లు మెట్లుగా పేర్చినట్టు అనుకోవాలి. 15 సెంటీమీటర్ల వెడల్పు పలకలను 10 సెంటీమీటర్ల ఎడంతో బిగిస్తే, నాలుగింటి దాకా ఎండ పొడ నేరుగా అద్దాన్ని తాకదు. పలకలను బయటి వైపు కొంచెం కిందికి వంచితే ఐదింటి ఎండ కూడా చాలావరకు ఆగుతుంది. లోపల కూర్చున్న వాళ్లకు పలకల మధ్య నుంచి రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. పైగా పలక మీద పడి చెదిరిన మెత్తటి వెలుతురు లోపలికి వస్తుంది కనుక పగలు లైట్లు వేయాల్సిన పని తగ్గుతుంది. ఆ మేరకు కరెంటు మరోసారి మిగులుతుంది.

ఒక చిక్కు ఉంది. ఊరి రోడ్లు దిక్సూచి చూసి వేసినవి కావు. కాజీపేట నుంచి హన్మకొండ వైపు వచ్చే ప్రధాన రహదారి మొత్తం మీద నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. దాని ఒక వరుస షాపులు వాయవ్యం వైపు, రెండో వరుస ఆగ్నేయం వైపు చూస్తాయి. వాయవ్య ముఖం ఉన్న వాటికి వేసవి సాయంత్రపు ఎండ పక్క నుంచి కొడుతుంది. అక్కడ నిలువు పలకలు, పడమటి గోడ మీద కన్నా చాలా మెరుగ్గా పనిచేస్తాయి. ఆగ్నేయ ముఖానికి ప్రధాన బాధ పొద్దుటి ఎండే, వేసవిలో మధ్యాహ్నం దాటాక అది నీడలో ఉంటుంది. రోడ్డుకు ఈ వైపు కాంప్లెక్సు ఎలివేషన్ బాగుందని ఆ వైపు కాంప్లెక్సుకూ అదే గీయించుకోవడం అందుకే తప్పు. ఫోన్‌లో ఉండే దిక్సూచితో గోడ ఎటు చూస్తోందో నిమిషంలో తెలిసిపోతుంది. ఆ నిమిషం మాత్రం డ్రాయింగ్ గీయక ముందు వెచ్చించాలి.

రంగు అద్దం, అద్దానికి ఫిల్మ్, ఖరీదైన డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దం) ఉండగా బయట నీడ ఎందుకన్న ప్రశ్న తరచూ వస్తుంది. రంగు అద్దం ఎండను ఆపే పద్ధతి దాన్ని తనలోకి పీల్చుకోవడం. పీల్చుకున్న దానిలో కొంత మళ్లీ గదికే ఇస్తుంది, పక్కన కూర్చుంటే పొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. లోపలి వైపు అంటించిన ముదురు ఫిల్మ్ కొన్ని మామూలు అద్దాలను అతిగా వేడెక్కించి పగలగొట్టడం కూడా జరుగుతుంది. వేడిని వెనక్కి కొట్టే సన్నటి పూత ఉన్న మంచి లో-ఇ డబుల్ గ్లేజింగ్ నిజంగానే బాగా ఆపుతుంది, ధర భరించగలిగితే తప్పు పట్టాల్సింది లేదు. కానీ బయట నీడ తోడైతే ఇంకా తక్కువ రకం అద్దంతోనే అదే ఫలితం వస్తుంది. కేంద్రం తెచ్చిన ఈసీబీసీ, అంటే వాణిజ్య భవనాల ఇంధన పొదుపు నియమావళి, ఈ సంగతిని ఒప్పుకుంది. 2007లో మొదలైన ఆ నియమావళి, 2017 సవరణలో, గోడలో అద్దం 40 శాతం మించకూడదంది. ఎండ వేడి ఎంత లోపలికి రావచ్చో హద్దు పెట్టింది. బయట తగినంత నీడ ఉంటే అద్దం విషయంలో ఆ హద్దును కొంత సడలించింది కూడా. అయితే అది కనీసం 100 కిలోవాట్ల కరెంటు లోడు, లేదా 120 కేవీఏ (కిలోవోల్ట్ ఆంపియర్లు) డిమాండు ఉన్న పెద్ద భవనాల కోసం ఉద్దేశించింది. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వంటి ఊళ్లలో రోజూ లేచే మూడు, నాలుగు అంతస్తుల కాంప్లెక్సుల్లో చాలా వాటికి ఆ నియమం వర్తించదు. వర్తించకపోయినా ఎండ మాత్రం వాటి మీదా పడుతుంది.

రాష్ట్రం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వాణిజ్య భవనాలన్నిటికీ పైకప్పు చల్లగా ఉంచే పూతో, పెంకులో తప్పనిసరి చేసింది. అది సరైన అడుగు. పై అంతస్తుకు పైకప్పే అతిపెద్ద శత్రువు, అక్కడ ముందు దాని పని చూడాలి. కానీ నాలుగంతస్తుల భవనంలో కింది మూడంతస్తులకు పైకప్పుతో సంబంధం లేదు. వాటికి వేడి గోడల నుంచి, అద్దాల నుంచి వస్తుంది. గోడ నీడ గురించి కూడా అలాంటి పట్టుదల కనిపిస్తే బాగుండేది.

ఇప్పటికే కట్టిన భవనాలకు దారి లేకపోలేదు. ఫ్యాబ్రికేషన్ షాపులో ఇనుప చదరపు పైపులతో ఫ్రేము చేయించి, దానికి లూవర్లో, చిల్లుల రేకో, జాలీయో బిగించవచ్చు. ఫ్రేమును అద్దానికి ఆనించకూడదు. అద్దానికీ దానికీ మధ్య కనీసం ఆరంగుళాల ఖాళీ ఉండాలి, ఆ ఖాళీ పైనా కిందా తెరిచే ఉండాలి. వేడెక్కిన గాలి పొగగొట్టంలోంచి పోయినట్టు పైకి పోతుంది. పైన మూసేస్తే ఆ గాలి అక్కడే మరుగుతుంది. బోల్టులు కాలమ్‌లోకో, బీమ్‌లోకో దిగాలి. ముందు గోడకు అలంకారంగా అంటించే ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీటుకు బిగించి వదిలేస్తే మొదటి ఈదురుగాలికే ఊడి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అకాల వర్షంతో వచ్చే గాలులు ఫ్లెక్సీలను, రేకులను ఎలా లేపుతాయో ఇక్కడి వారికి చెప్పనక్కర్లేదు. నిండు రేకు కన్నా చిల్లుల రేకు ఈ విషయంలో మేలు, గాలికి దారి ఇస్తుంది.

చాలా షాపులు తమ బోర్డుకే వేలు ఖర్చు పెడతాయి. రోడ్డు వైపు పడమరే అయితే ఆ బోర్డునే చిల్లుల రేకు మీద, అద్దానికి దూరంగా, కిటికీ ముందుకు వచ్చేలా డిజైన్ చేయించుకోవచ్చు. పేరూ కనిపిస్తుంది, నీడా పడుతుంది. బట్టల షాపులకు ఇందులో ఇంకో లాభం ఉంది. పడమటి అద్దం వెనక బొమ్మకు కట్టిన పట్టుచీర ఒక వేసవిలోనే ఎండ పడిన వైపు వెలిసిపోతుంది. మందుల దుకాణాల్లో పడమటి అరలోని సీసాల పరిస్థితి ఇంకా ఆలోచించాల్సింది, వాటి మీద రాసి ఉండే 25, 30 డిగ్రీల హద్దు ఎండ తగిలే అరకు వర్తించనట్టే అవుతోంది.

తక్కువలో అయ్యేది గ్రీన్ నెట్. రెండు సీజన్లు వస్తుంది. కోతులు చింపేస్తాయి, గట్టి గాలికి గుంజుకుపోతుంది. అయినా మొదటి ఏడాది ఎంత తేడా వస్తుందో స్వయంగా చూసుకోవడానికి అది మంచి ప్రయోగం. వెదురు తడికలు కూడా అంతే, నీడ బాగా ఇస్తాయి, కానీ ప్రతి వేసవికీ చూసుకోవాలి. రాధామనోహరం తీగను తీగల జాలీకి పాకిస్తే రెండేళ్లలో మంచి తెర అవుతుంది. నీళ్లు పోసే మనిషి ఉంటేనే ఆ పని పెట్టుకోవాలి. స్థలం ఉంటే పడమర వైపు వేప, కానుగ నాటడం అన్నిటికన్నా మిన్న, అవి రెండో అంతస్తు దాకా నీడ ఇస్తాయి. కరెంటు తీగల కింద నాటితే మాత్రం ఏటా కొట్టేస్తారు.

మరో తప్పు గురించి తప్పకుండా చెప్పుకోవాలి. ఏసీల బయటి యూనిట్లు కనిపించకుండా ఉండాలని వాటి ముందు కూడా అవే లూవర్లు దగ్గర దగ్గరగా బిగిస్తున్నారు. యూనిట్ వదిలిన వేడి గాలి పలకలకు తగిలి తిరిగి దానిలోకే పోతుంది. ఏసీ ఎక్కువసేపు నడుస్తుంది, చల్లదనం తగ్గుతుంది, నీడతో మిగిలిన కరెంటు అక్కడ పోతుంది. బయటి యూనిట్ల ముందు గాలి పోయే దారిని పూర్తిగా వదిలేయాలి, నీడ కావాలంటే పైన ఒక చిన్న రేకు చాలు. అలాగే అగ్నిప్రమాదం వస్తే మనుషుల్ని దింపాల్సిన కిటికీల ముందు తెరుచుకోని లూవర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. పలకలను అడ్డంగా చదునుగా పెడితే పావురాలు గూళ్లు పెడతాయి, వంచి పెడితే ఆ బాధ తగ్గుతుంది, దుమ్ము కూడా తక్కువ నిలుస్తుంది.

ఇక డబ్బు. బయటి నీడ ఎండ వేడిలో ముప్పావు భాగం ఆపిందనుకుందాం. వంద చదరపు అడుగుల పడమటి అద్దానికి అప్పుడు ఏసీ మీద గంటకు దాదాపు ఒక యూనిట్ తగ్గుతుంది. రోజుకు మూడు గంటల గట్టి ఎండ చొప్పున మూడు యూనిట్లు, వాణిజ్య కనెక్షన్‌కు యూనిట్ పది రూపాయలనుకుంటే నెలకు తొమ్మిది వందలు. చిన్న మొత్తంలా కనిపిస్తుంది. కానీ నాలుగంతస్తుల మీద 1,500 చదరపు అడుగుల పడమటి అద్దం ఉన్న కాంప్లెక్సుకు అదే నెలకు పదమూడు వేల ఐదు వందలు అవుతుంది. వేసవి నెలలు ఎన్నో, అద్దె ఎంతకాలమో యజమాని తనే లెక్క వేసుకోగలడు. పడమటి ఇటుక గోడ తాగిన ఎండ కొన్ని గంటలు ఆలస్యంగా, సరిగ్గా పెళ్లి బట్టల బేరాలు ముమ్మరంగా ఉండే ఏడెనిమిది గంటలకు, లోపలికి దిగుతుంది. గోడకూ నీడ పడితే అదీ తగ్గుతుంది, ఆ లాభం ఈ లెక్కలో కలపలేదు.

అసలు పెద్ద పొదుపు నెల బిల్లులో లేదు. వంద చదరపు అడుగులకు ఇంచుమించు ఒక టన్ను చొప్పున, ఆ 1,500 చదరపు అడుగుల అద్దానికి నీడ పడితే పద్నాలుగు టన్నుల ఏసీ కొనాల్సిన అవసరమే ఉండదు. దానికి తగ్గట్టు కేబుల్, జనరేటర్, కాంట్రాక్టు లోడు, ఆ లోడు మీద నెలనెలా కట్టే స్థిర చార్జీ అన్నీ తగ్గుతాయి. అయితే ఇది ఏసీలు కొనక ముందు నీడ నిర్ణయమైతేనే దక్కుతుంది. ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు. ముందు అద్దం బిగుస్తుంది, తర్వాత ఏసీ అతను వచ్చి వంద, నూట ఇరవై అడుగులకు ఒక టన్ను చొప్పున చదరపు అడుగులు లెక్కపెట్టి కొటేషన్ ఇస్తాడు. గోడ ఎటు చూస్తుందో, బయట నీడ ఉందో లేదో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. కొటేషన్ చేతికి వచ్చినప్పుడు యజమాని అడగాల్సింది ధర తగ్గించమని కాదు, పడమటి అద్దానికి బయట లూవర్లు వేస్తే ఎన్ని టన్నులు తగ్గుతాయో రాసి ఇమ్మని.